ఆడని ఆటకు చిరిగిన టికెట్టు

పైడిబాబు చేతులకు బేడీలు లేవు. ఉంటేనే నయమేమో అనిపించింది మధులతకు. బేడీలు పడిన మనిషికి కోపమైనా వస్తుంది. ఇతను బల్ల మీద పెట్టుకున్న రెండు చేతుల్నీ, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ధనరాజు ఆమెకు అరగంట ఇచ్చాడు. అదైనా పాత మొహమాటం కొద్దీ. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో పంచనామా రాయడం నేర్పింది ఆమే. ఆ తర్వాత ఆమె యూనిఫాం విప్పేసి, అబర్డీన్ బజార్లో ఒక దర్జీ కొట్టు పైన గది అద్దెకు తీసుకుంది. పోలీసులు మూసేసిన సంగతుల్ని మళ్ళీ తెరవడం ఇప్పుడామె పని. అలా తెరిచిన వాటిలో ఎవరికైనా సంతోషం కలిగించినది ఒక్కటీ లేదు. అయినా మనుషులు మెట్లెక్కి వస్తూనే ఉంటారు.

ఈసారి వచ్చింది డాలీగంజ్ కాంట్రాక్టరు అచ్చిబాబు భార్య తులసమ్మ. తన తమ్ముడు సుభాష్‌ని వెతికిపెట్టమంది. సునామీలో వాళ్ళ అమ్మానాన్నలు కార్ నికోబార్‌లో కొట్టుతో సహా కొట్టుకుపోయారు. శవాలు దొరకలేదు. తమ్ముణ్ణి తులసమ్మే పెంచింది. వాడు అబర్డీన్ బజార్లో ఆటసామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ కిందట కలకత్తా ఓడెక్కాడు, ఇంక తిరిగి రాలేదు.

మనిషి రాలేదు గానీ, ఏడాదికొక కవరు మాత్రం వస్తోంది. లోపల ఉత్తరం ఉండదు. ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్టు ముక్క ఒకటి ఉంటుంది. గేటు దగ్గర చించి, చూడవచ్చినవాడికి మిగిల్చే సగం. సుభాష్‌కి అవి పోగేయడం పిచ్చి. సరుకు కోసం కలకత్తా వెళ్ళినా, కొచ్చి వెళ్ళినా, పెద్ద క్లబ్బుల ఆట ఒకటి చూడకుండా తిరుగు ఓడ ఎక్కేవాడు కాదు. గుర్తుండిపోయే ఆటైతే ముక్క దాచుకునేవాడు. చప్పగా సాగితే స్టేడియం బయటే పారేసేవాడు. ఆ పిచ్చి ఎరిగిన అక్కకు ఆ ముక్కలే ఉత్తరాలు. నాలుగేళ్ళలో నాలుగు వచ్చాయి. తమ్ముడు ఎక్కడో బతికి ఉన్నాడు, ఏదో అలిగాడు, అంతే అనుకుని ఆవిడ రోజులు నెట్టుకొస్తోంది.

పోయిన నెల గాలివానకు వండూర్ ఒడ్డున పెద్ద చెట్టొకటి వేళ్ళతో సహా పడింది. ఆ గోతిలో మనిషి ఎముకలు కనిపించాయి. పిలిస్తే పలికేటంత దూరంలో పైడిబాబు వలల షెడ్డు ఉంది. పైడిబాబు చేపలు పడతాడు, సుభాష్‌కి ప్రాణస్నేహితుడు, అతనితో పాటే టికెట్టు ముక్కలు పోగేసినవాడు. ధనరాజు లెక్క అక్కడితో తేలిపోయింది. చంపింది పైడిబాబే, అక్క వెతక్కుండా ఉండడానికి ఏటా ముక్క పంపిందీ పైడిబాబే. ఎముకల పరీక్ష రిపోర్టు మెయిన్‌లాండ్ నుంచి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. అంతవరకూ ఆగనని, రేపు పొద్దున్నే కోర్టులో పెడతానని అతను చెప్పేశాడు.

మధులత కుర్చీ దగ్గరికి లాక్కుని, సుభాష్‌ని ఆఖరుసారి ఎప్పుడు చూశావని అడిగింది.

ఓడకు ముందురోజు సాయంత్రం అన్నాడు పైడిబాబు. సుభాష్ స్కూటరు మీద వండూర్ వచ్చాడు. ఎప్పుడూ ఆటల కబుర్లే చెప్పేవాడు ఆ రోజు ఒక్క ఆట పేరూ ఎత్తలేదు. అచ్చిబాబు పని చోట బెంగాలీ కూలీ ఒకడు గోడకు కట్టిన సారవ కర్రల మీంచి పడి చనిపోయాడట. ఎవరికీ చెప్పకుండా పాతిపెట్టించేశాడట బావ. సుభాష్ కళ్ళారా చూశాడు. కలకత్తా అవతల ఆ కూలీ తల్లి ఉంది, కొడుకు ఫోను కోసం చూస్తోంది, నేను వెళ్ళి చెప్పి వస్తానన్నాడు.

"మరి నువ్వీ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదా?"

"సెప్పినాను దీదీ. రాసుకోనేదు."

"ఓడెక్కుతుంటే చూశావా?"

"నేదు. ఆ రోజు నాను సేపల ఏటలో ఉన్నాను. ఆల బావే కార్లో దింపినాడంట."

"నీకేమీ ఇచ్చి వెళ్ళలేదా?"

ఆ ప్రశ్న ఈ ద్వీపాల్లో తెలుగువాళ్ళు మాత్రమే అడుగుతారు. ఓడెక్కే మనిషి ఒంటి మీది వస్తువొకటి తీసి ఒడ్డున నిలబడ్డవాళ్ళ చేతిలో పెట్టి ఎక్కాలి. అది తీసుకోడానికైనా తిరిగి వస్తాడని నమ్మకం. ఉంగరం కావచ్చు, దువ్వెన కావచ్చు, ఏమీ లేకపోతే చొక్కా గుండీ అయినా సరే. తొమ్మిదేళ్ళ కిందట మధులత భర్త కూడా చేతి గడియారం విప్పి ఆమె చేతిలో పెట్టి చెన్నై ఓడెక్కాడు. గడియారం ఇంకా ఆమె దగ్గరే ఉంది.

"నాకెందుకిత్తాడు దీదీ, నాను రేవుకే రానేదు కదా," అన్నాడు పైడిబాబు. "తులసమ్మక్కకి ఇచ్చుంటాడు."

పైడిబాబు భార్య చిట్టితల్లి వరండాలో పొద్దుటి నుంచీ నిలబడి ఉంది. మధులత ఫోన్ చేసి తెమ్మన్న బిస్కెట్ల డబ్బా ఆమె చేతిలో ఉంది. డబ్బా తీసుకుని మధులత బల్ల మీద మూత తీసింది. లోపల గుడ్డలో మూట కట్టిన బియ్యం, దాని మీద టికెట్టు ముక్కలు. ఇక్కడి గాలిలో తేమకు కాగితం నిలవాలంటే అదొక ఉపాయం. ఒక్కో ముక్క ముట్టుకుంటుంటే పైడిబాబు ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. ఇది వానలో ఆడిన ఆట. ఇది ఆఖరి నిమిషంలో గోల్‌కీపరే గోలు కొట్టిన ఆట. ఇది సుభాష్ గొంతు పోయి మూడు రోజులు సైగలతో సరుకు బేరం చేసిన ఆట.

అట్టడుగున ఒక టికెట్టు చిరగకుండా నిండుగా ఉంది.

"ఇదేమిటి?"

"అది ఆడని ఆట దీదీ." అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "పోయినేడు కలకత్తాలో రెండు పెద్ద కలబ్బులకీ మేచి. వోడెక్కి మరీ ఎల్లినాను. సుభాషు కనబడతాడేమోనని. మద్దేనం ఆట నేదు, పొండన్నారు. ఊళ్ళో గొడవలంట, బందోబస్తు సాలదంట. గేట్లే తియ్యనేదు. ఎవుల టికెట్టూ సింపనేదు."

"మళ్ళీ ఇంకో రోజు ఆడలేదా?"

"ఆడనే నేదు."

మధులత ఫోన్ తీసింది. మొదటి రోజు తులసమ్మ ఇంట్లో నాలుగు ముక్కలకూ ఫోటోలు తీసుకుంది. మూడో ఫోటో పెద్దది చేసి, బల్ల మీది టికెట్టు పక్కన పెట్టింది. అదే ఊరు, అదే స్టేడియం, అవే క్లబ్బులు, అదే తేదీ. ఫోన్లోది మాత్రం చిరిగి ఉంది. గీత వెంట, ఓపిగ్గా, నీటుగా చించారు.

గేట్లే తెరవని ఆటకు టికెట్టు ఎవరు చించారు?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే ఇలాంటి క్షణంలో ఆమెకు ఒళ్ళు జల్లుమనేది. ఇప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. ఈ ముక్క అబద్ధమైతే మిగతా మూడూ అబద్ధమే. నాలుగూ అబద్ధమైతే సుభాష్ ఏ స్టేడియంలోనూ లేడు. ఎదురుగా ఉన్న మనిషిని బయటికి తేవాలంటే, డాలీగంజ్‌లో కూర్చున్న అక్కకు మీ తమ్ముడు ఆ గోతిలో ఉన్నాడని చెప్పాలి. వేరే దారి ఎంత వెతికినా ఆమెకు కనిపించలేదు.

"క్యా మేడమ్, అయిందా?" ధనరాజు లోపలికి వచ్చాడు.

ఆమె రెండూ చూపించి, ఆట సంగతి చెప్పింది. అతను తెలివితక్కువవాడు కాడు. చాలాసేపు చూశాడు.

"అయితే?"

"ఇది పంపినవాడికి ఆ రోజు ఆట జరగలేదని తెలియదు. పైడిబాబుకు తెలుసు, గేటు బయట నిలబడి వచ్చాడు. సుభాష్ ఆట చూశాడని అక్కను నమ్మించాలనుకున్నవాడు, జరగని ఆటకు టికెట్టు చించి పంపుతాడా?"

"రెండు కొన్నాడేమో. ఒకటి చించాడు, ఒకటి దాచాడు."

"ఎందుకు?"

"రేపు మీలాంటివాళ్ళు వచ్చి అడుగుతారని."

"ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాడు చేసిన పొరపాటు ధనరాజూ ఇది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు చేసేది కాదు. ఆ చెట్టు పక్కన ఒడ్డు కోసుకుపోకుండా కట్టిన కాపుగోడ ఉంది కదా, నాలుగేళ్ళ కిందట అది ఎవరు కట్టారో కనుక్కున్నావా?"

"అచ్చిబాబుగారు. కట్టారు. ఈ ఊళ్ళో సగం గోడలు ఆయన కట్టినవే. ఈ స్టేషన్ ప్రహరీ కూడా. దాని కింద కూడా తవ్వించమంటారా?"

బయట కానిస్టేబుల్ ఎవరో నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా చూసి, మధులత అచ్చిబాబుని ఒక్కసారి పిలిపించి కూలీ సంగతి అడగమంది. రేపటి కోర్టు పని ఒక వారం ఆపమంది. ధనరాజు టికెట్టును డబ్బాలో వేసి మూత పెట్టాడు. కోర్టుకు ఎముకలు కావాలి, మనిషి కావాలి, కాగితం ముక్కలు అక్కర్లేదు, ఈ మాట మీరు నేర్పిందే అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"మీరు ఉద్యోగం ఎందుకు వదిలేశారో డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు మేడమ్. ఓడలో వెళ్ళిన మనిషి కోసం రోజూ రేవులో నిలబడితే డ్యూటీ ఎవరు చేస్తారు? మీకు ప్రతి కేసులోనూ ఆ ఓడే కనబడుతుంది."

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఆ మాట అబద్ధమైతే జవాబు చెప్పేదే.

బయటికి వస్తుంటే చిట్టితల్లి కేసు సంగతి అడగలేదు. డబ్బా మాత్రం వెనక్కి ఇస్తారా అని అడిగింది. అతను ఇంటికి రాగానే ముందు అదే వెతుక్కుంటాడంది.

డాలీగంజ్‌లో అచ్చిబాబు ఇంటి వరండాలో రెండు సూట్‌కేసులు నిలబెట్టి ఉన్నాయి. వాటిని చూడగానే మధులత మెట్టు మీదే ఆగిపోయింది. ప్రయాణం సామాను ఎక్కడ చూసినా ఆమెకు అంతే.

అచ్చిబాబు లేచి వచ్చి కుర్చీ వేశాడు. అరవై దగ్గరపడిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. రేపటి విశాఖ ఓడకు తులసమ్మను తీసుకెళ్తున్నానన్నాడు. సింహాచలం దర్శనం చేయించి, కొన్నాళ్ళు అక్కడే ఉంచుతాడట. ఎముకల వార్త విన్న దగ్గర్నుంచి ఆమె నిద్రపోవడం లేదట. పైడిబాబు మాట ఎత్తితే తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో అన్నం పెట్టాం వాడికి, అన్నాడు.

మధులత సానుభూతిగా విని, ఏమీ తెలియనట్టు అడిగింది. సుభాష్ కోసం మీరు కూడా కలకత్తాలో వెతికారట కదా?

"వెతకడమంటే వెతకడమా మధులతగారూ. పనుల మీద ఏటా వెళ్తాను. పోయినేడైతే సరిగ్గా పెద్ద మ్యాచ్ నాడు అక్కడే ఉన్నాను. సాయంత్రమంతా స్టేడియం గేటు దగ్గరే నిలబడ్డాను. ఆట విడిచాక జనం బయటికొస్తుంటే ఒక్కొక్కడి మొహం చూశాను. కనబడలేదు. తీరా ఇంటికొచ్చాక ఆ మ్యాచ్ ముక్కే పోస్టులో వచ్చింది. నా కళ్ళముందు నుంచే వెళ్ళి ఉంటాడు."

"ఎవరు గెలిచారు?"

"నేనేమన్నా ఆట చూడ్డానికి వెళ్ళానా తల్లీ," అన్నాడు అచ్చిబాబు, బాధగా.

ఎంత బాగా చెప్పాడో. కొంచెం కూడా తడబడలేదు. ఆ ఊళ్ళో ఉండి కూడా ఆట ఆగిపోయిన సంగతి తెలియలేదంటే, టికెట్టు కొని, చించి, ఆట అయ్యాక పోస్టులో వెయ్యమని ఎవరికో ఇచ్చి, అక్కడితో మరచిపోయి ఉంటాడు. గది గుమ్మంలో తులసమ్మ నిలబడి ఉందని మధులత అప్పుడే గమనించింది. ఆవిడ ముఖం చూడలేకపోయింది. చేతులు మాత్రం కనిపించాయి. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉన్నాయి.

ఓడ టికెట్లు ఏజెంటు దగ్గర తెచ్చుకోవాలంటూ అచ్చిబాబు కారు తీసుకుని వెళ్ళాడు. కారు శబ్దం మలుపు తిరిగాక మధులత కుర్చీలోంచి లేచింది.

"తమ్ముడి బీరువా ఇంకోసారి చూస్తాను," అంది మధులత.

సుభాష్ గది అలాగే ఉంది. గోడ మీద పాత జెర్సీ, మూలన గాలి తగ్గిన బంతి. మంచానికి ఎదురుగా టీవీ ఉంది, మంచం మీద ఒక మనిషి కూర్చుని కూర్చుని పరుపు గుంటపడింది. బీరువా తలుపు తీస్తే పసుపు వెలుగు బయటికి వచ్చింది. బూజు పట్టకుండా ఇక్కడ చాలా ఇళ్ళల్లో చేసే పనే అది. బీరువా లోపల చిన్న బల్బు పెట్టి రాత్రీ పగలూ వెలిగించి ఉంచుతారు. బల్బు కింద అరలో సుభాష్ ఆల్బం. దాని పక్కన పళ్ళెంలో, పోస్టులో వచ్చిన నాలుగు ముక్కలు.

మొదటిసారి వచ్చినప్పుడు మధులత వాటి మీద ఏముందో చదివింది. కాగితాన్ని చూడలేదు. ఇప్పుడు చూసింది. ఇప్పటి టికెట్లు ఏటీఎం రసీదులాంటి కాగితం మీద వస్తున్నాయి. వేడి తగిలితే మాడుతుంది. మొదటి ఏడాది ముక్క దాదాపు నల్లబడిపోయింది, తేదీ వెలుగుకు పెట్టి చూస్తే గానీ తెలియడం లేదు. రెండోది కాఫీ రంగు. కిందటి నెల వచ్చిన నాలుగోది కూడా అంచుల్లో కమిలింది. ఈ అక్క నాలుగేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుతూ, తన చేత్తోనే వాటిని చెరిపేస్తోంది.

మూడోది, ఆడని ఆటది, తెల్లగా ఉంది. నిన్న అచ్చు వేసినట్టు.

మధులత దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పింది. ఇది ఏడాదిగా ఈ బల్బు కింద లేదు. నేను వస్తున్నానని తెలిశాక, నాలుగూ చూపించాలి కాబట్టి ఎక్కడి నుంచో తెచ్చి ఇక్కడ పెట్టారు. తమ్ముడి ఉత్తరాలన్నిటినీ దీపం కింద పెట్టుకునే మనిషి, ఈ ఒక్కదాన్నీ వేరుగా ఎందుకు ఉంచింది?

చెప్పడానికి దారంతా పేర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆమెకు ఒక్కసారిగా అక్కర్లేకుండా పోయాయి.

"తులసమ్మగారూ," అంది వెనక్కి తిరక్కుండానే. "మీకు తెలుసు."

తులసమ్మ మంచం మీద, ఆ గుంటలో కూర్చుంది. కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. గొంతులో ఏడుపు లేదు. చాలాకాలంగా లోలోపల చెప్పుకుంటున్నదే పైకి చెప్పినట్టు చెప్పింది. మొదటి ముక్క వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ టీవీలో ఒక్క ఆటా వదల్లేదు. ఆట కోసం కాదు. కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా ఆ వేలమందిలో తమ్ముడి ముఖం వెతుక్కునేది. వెతగ్గా వెతగ్గా ఆట కూడా వచ్చేసింది. ఆఫ్‌సైడ్ ఏమిటో ఆవిడకు తెలుసు. ఏ గోల్‌కీపర్ ఎటు దూకుతాడో తెలుసు.

"ఆ రోజు కూడా ఇక్కడే కూర్చున్నానమ్మా. మధ్యాహ్నం నుంచే పెట్టుకున్నాను. ఆట లేదు అన్నాడు టీవీవాడు. ఖాళీ గ్రౌండు చూపించాడు. వారం తర్వాత ఆయన వచ్చాడు. గేటు దగ్గర నిలబడి అందరి మొహాలూ చూశానన్నాడు." ఆవిడ పరుపు మీది ముడత సర్దింది. "నేనాయనకి అన్నం వడ్డిస్తున్నాను అప్పుడు. వడ్డించేశాను."

"ఏడాదిగా తెలిసి, నా దగ్గరికి ఎందుకు వచ్చారు?"

"నువ్వు పెద్ద ఉద్యోగం చేశావు. నేను తప్పని నువ్వు తేలుస్తావేమోనని." అదే గొంతుతో అంది. "ఆ ఒక్కటి అబద్ధం, మిగతావి నిజమేమో అనుకున్నాను. మొన్న వచ్చిందాన్ని దీపం కింద పెట్టాను కదా, అందుకే. ఇంతలో ఆ పైడిబాబుని పట్టుకెళ్ళారు."

సుభాష్ ఓడెక్కాడన్న రోజు గురించి మధులత అడిగింది. అడగకుండా ఉంటే బాగుండునని అడుగుతూనే అనుకుంది. భోజనానికి వస్తానని పొద్దున్న కొట్టుకు వెళ్ళాడంది తులసమ్మ. వండి కూర్చుంటే మూడింటికి ఆయనొక్కడే వచ్చి, టైమైపోయింది, అటునుంచి అటే దింపేశానన్నాడు. అప్పటి నుంచీ మనసులో తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. పెంచిన చేతిలో ఒక గుండీ అయినా పెట్టకుండా ఓడెక్కేశాడు, అందుకే తిరిగి రాలేకపోతున్నాడు అని. నాలుగేళ్ళు తిట్టింది.

"పెట్టకుండా ఎక్కే పిల్లాడు కాడమ్మా వాడు. ఎక్కలేదు, అంతే. ఎక్కనివాడు ఏం పెడతాడు?"

బీరువాలో బల్బు సన్నగా జుమ్మంటోంది. మధులత వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఇప్పుడే తనతో స్టేషన్‌కి రమ్మంది. ఈ మాటే ధనరాజు ముందు చెబితే చాలంది. చాలదని చెబుతుండగానే ఆమెకు తెలుసు. భర్త ఒక అబద్ధం ఆడాడని భార్య చెబితే, భార్యను ఓదార్చడానికి ఆడానని భర్త చెబుతాడు. ఆ ముక్క ఎవరు చించారో ముక్క చెప్పదు.

"అది ఆయనే చెప్పాలి," అంది తులసమ్మ. "ఇంట్లో అడిగితే చెప్పడు. లేచి కారెక్కి వెళ్ళిపోతాడు. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది, కారు తాళాలు కనబడేవి, ఆగిపోయేదాన్ని. రేపు ఓడలో అడుగుతాను. ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళాక. అక్కడ ఎక్కడికి వెళ్తాడు?"

"మీరెక్కడికి వెళ్తారు?"

సముద్రంలోకి వెళ్ళాక ఫోన్లు పనిచేయవని, విశాఖ చేరేదాకా ఓడ మీద ఎవరికీ ఎవరూ దొరకరని ఇద్దరికీ తెలుసు. మధులత ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్ళ కిందట రేవులో ఇంకో చెయ్యి ఇలాగే పట్టుకుంది. ఎంతసేపు పట్టుకున్నా ఆఖరికి వదలాల్సి వచ్చింది.

తులసమ్మ కళ్ళజోడు తీసింది. దాని కాడలు రెండూ మడిచి మధులత అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తన వేళ్ళతో మూసింది.

"వద్దు," అంది మధులత. "నాకివ్వకండి. నేను దాచినవి ఎవరూ వచ్చి తీసుకోలేదు."

"ఇవ్వడానికి నాకింకెవరున్నారమ్మా? ఇంక వీటితో నేను వెతకాల్సింది కూడా ఏమీ లేదు. ఉంచు. ఆ పైడిబాబు ఇంటికొస్తే సుభాష్ ఆల్బం వాడికియ్యి. ఈ దీపం కింద మాత్రం పెట్టొద్దని చెప్పు."

బయట కారు ఆగింది. మధులత ఎడంచేత్తో ఫోన్ తీసి ధనరాజు నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తలేదు.

అచ్చిబాబు టికెట్లు పట్టుకుని నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. కేబిన్ దొరికింది తులసీ, మనిద్దరికే విడిగా, అన్నాడు. భార్య ముఖం వంక చూసి, నవ్వు సగంలో ఆపాడు.

"కళ్ళజోడేదీ?"

ఆయన చూపు మంచం మీదికి, బల్ల మీదికి, తెరిచి ఉన్న బీరువాలోకి వెళ్ళింది. పళ్ళెంలోంచి బయటికి తీసి పెట్టిన తెల్లటి ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, మధులత మూసుకున్న గుప్పిటి మీద నిలిచింది.

ఆయనా ఈ ద్వీపంలో పుట్టినవాడే. ఓడెక్కేవాళ్ళు ఒడ్డున ఉండేవాళ్ళ చేతిలో ఏం పెడతారో, తిరిగొస్తామో లేదోనన్న భయం ఎంతుంటే పెడతారో ఆయనకూ తెలుసు. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి మాత్రం, సుభాష్ ఇచ్చాడని చెప్పి ఒక గుండీ అయినా తెచ్చి భార్య చేతిలో పెట్టడం మరచిపోయాడు.

"మంచిపని చేశావు తులసీ," అన్నాడు అచ్చిబాబు మెత్తగా. ఓడ టికెట్లు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తిరిగొచ్చాక తీసుకుందువు గానిలే."